మూడున్నరకు లేని బడి

"మూడున్నరకా? మూడున్నరకు బడి ఏడున్నదమ్మా?"

బడి ఆయా లచ్చమ్మ చేతిలో చీపురు ఆగింది. దాంతోపాటు కుసుమకుమారి చేతిలో పెన్ను కూడా ఆగింది.

"నేనడిగేది పదమూడో తారీఖు సంగతి," అంది కుసుమకుమారి.

"గదే చెప్తున్న. సమ్మె షురువైన దినం. మంగళారం. పొద్దుగాల పిల్లలు ప్రార్థన చేసి కూసున్నరు. పదిన్నరకు కాలేజి పిలగాండ్లు జెండాలు పట్టుకొని ఒచ్చిండ్రు. జై తెలంగాణ అన్నరు, బడి బందు పెట్టుమన్నరు. పావు తక్కువ పదకొండుకు బెల్లు కొట్టింది నేనే. పన్నెండు గొట్టేటాళ్లకు లోపట ఒక్క పోరడు లేడు. తాళమేసి నేను ఇంటికి పోయిన."

కుసుమకుమారి ఒళ్లోని ఫైలు తెరిచింది. ఆమె క్లయింటు కార్తీక్ ఫ్యామిలీ కోర్టులో ప్రమాణం చేసి దాఖలు చేసిన అఫిడవిట్ అది. మూడో పేరాలో ఇలా ఉంది: 'ది. 13-9-2011న మధ్యాహ్నం మూడున్నర గంటలకు పాఠశాల గేటు వద్ద, నా కళ్లెదుటే, ప్రతివాది అయిన నా భార్య జ్యోతిక మా కుమార్తె అలేఖ్యను బలవంతంగా ఆటోలో ఎక్కించుకుని పోయినది.'

లాయర్లు బహిష్కరణలో ఉన్నా అతనే స్వయంగా హాజరయ్యాడు. ఆ ఒక్క వాక్యాన్ని నమ్మి ఎల్బీ నగర్ ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పాప ఎక్కడున్నా వెతికి పట్టుకుని, పిటిషనర్ అయిన తండ్రికి అప్పగించాలి. పోలీసులు సహకరించాలి. పిటిషనర్ కోరిక మీద, ప్రైవేటు డిటెక్టివ్ కుసుమకుమారి కూడా ఆ పనిలో పాల్గొనవచ్చు.

ఇరవై రెండేళ్లు మహిళా పోలీసుగా పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా ముందే రిటైర్మెంటు తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల కొట్టు పైన ఒక గదిలో ఆఫీసు పెట్టుకుంది కుసుమకుమారి. కోర్టు కాగితంలో తన పేరు అచ్చయి రావడం ఆమెకు ఇదే మొదటిసారి. వారం కిందట దాన్ని చూసి గర్వపడింది కూడా. ఇప్పుడు ఆ గర్వం నోట్లో చేదుగా తగిలింది.

"అలేఖ్య గుర్తుందా? ఒకటో తరగతి. రెండు జడలు."

"ఎందుకు లేదు. నా కొంగు పట్టుకొని తిరిగేది."

"ఆ రోజు ఆ పాపను ఎవరు తీసుకెళ్లారు?"

"వాళ్ల తాత."

"ఏ తాత? అమ్మ వాళ్ల నాన్నా? నాన్న వాళ్ల నాన్నా?"

"కండ్లద్దాల తాత. తెల్ల లుంగీ కాదు, ప్యాంటేసుకుంటడు. మీ లెక్కనే మాట్లాడ్తడు, ఆంధ్ర మాట. స్కూటర్ మీద ఒచ్చిండు. బెల్లు కొట్టిన పది నిమిషాలకే."

విశ్వేశ్వరరావు. కార్తీక్ తండ్రి. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. "నాన్నగారు పదో తారీఖున గుంటూరు వెళ్లారండి, సమ్మెలో బస్సుల్లేక అక్కడే ఉండిపోయారు," అని కార్తీక్ ఆమెతో చెప్పాడు. అడక్కుండానే చెప్పాడు.

"పాప వెళ్లనని ఏడ్చిందా?"

"ఏడుపెక్కడిది! నవ్వుకుంట ఎక్కింది. తాత నాకు విమానాలు చూపిస్తడంట లచ్చమ్మా అని చెయ్యూపింది."

"ఇన్నాళ్లూ ఈ మాట ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

లచ్చమ్మ ఆమె వంక వింతగా చూసింది. "నన్నెవలు అడిగిండ్రు? పోలీసాయన ఒచ్చిండు. ప్రిన్సిపాల్ సారుతోని చాయ్ తాగిండు. పోయిండు."

*

జ్యోతిక చంపాపేట్‌లో అద్దెకు ఉండే గదికి కుసుమకుమారి చేరేసరికి పన్నెండూ పది. ఎస్సై మట్టయ్య అప్పటికే అక్కడున్నాడు. కుర్చీలో కూర్చుని పంచనామా కాగితాలు సర్దుకుంటున్నాడు. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ సంచిలో ఒక జత నల్లబూట్లు.

ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్‌లో పనిచేశారు. ఒకరి కేసులో ఇంకొకరు వేలు పెడితే అప్పుడూ పడేది కాదు.

"రా కుసుమక్కా," అన్నాడు మట్టయ్య లేవకుండానే. "జర లేటైనవ్. నిన్ననే తల్లిని తెచ్చి స్టేషన్ల కూసోబెట్టిన. బిడ్డ యాడున్నదో ఇయ్యాల రేపట్ల చెప్తది."

"ఏ ఆధారంతో తెచ్చావు?"

బూటుతో సంచిని ముందుకు నెట్టాడు. "మంచం కింద దొరికినయ్. బడి బూట్లు. మీ కార్తీక్ సారు గూడ గుర్తుపట్టిండు. బిడ్డ ఈడికి రానిది బూట్లెట్ల ఒస్తయ్?"

కుసుమకుమారి సంచి విప్పి ఒక బూటు బయటికి తీసింది. ముందు వాసన చూసింది. తర్వాత తిరగేసి అడుగు చూసింది. పట్టీ వంచి చూసింది. వంచిన చోట తోలు పెళుసుగా చిట్లింది.

"కలరా ఉండల వాసన వస్తోంది. మొన్నటిదాకా కాళ్లకున్న బూట్లకు ఈ వాసనేమిటి మట్టయ్యా?"

బూటు అడుగున ఉన్న అంకెను అతని వైపు తిప్పింది.

"నంబరు తొమ్మిది. పాపకు ఆరేళ్లు నిండాయి. ఈ బూట్లు నాలుగేళ్ల పిల్లకు సరిపోతాయి. ఎవరో పాత బూట్లు పెట్టెలోంచి తీసి తుడిచి తెచ్చారు."

"ఆరేండ్ల పిల్లకు ఎంత కాలుంటదో నీకెట్ల తెలుసు? కొలిచినవా?"

ఆమె గది చుట్టూ చూసింది. ఒక్క గది. మూల గ్యాసు పొయ్యి, దండెం మీద రెండు నర్సు డ్రెస్సులు, ఒక్కటే కంచం, ఒక్కటే గ్లాసు. దండెం మీద పిల్ల బట్ట ఒక్కటి లేదు. పదిహేను రోజులు ఒక పిల్లను దాచిన గదిలో పాలగిన్నె అయినా ఉండాలి.

అటక మీద ఒక అట్టపెట్టె కనిపించింది. స్టూలెక్కి దించింది. లోపల ఎర్ర చెప్పుల జత. రెండింటినీ కలిపి కొట్టువాడు కుట్టిన దారం ఇంకా తెగలేదు. అడుగున ధూళి లేదు. నంబరు పన్నెండు.

"అవి బతుకమ్మకు తెచ్చింది," అంది గుమ్మంలోంచి ఇంటి యజమానురాలు అండాలమ్మ. మట్టయ్యను చూసి భయంగానే లోపలికొచ్చింది. "బిడ్డ తండ్రి కాడుంటే కోర్టు ఆదివారం ఆదివారం చూడనిచ్చింది గదా. కిందటి నెల కాలు కొల్చుకొని ఒచ్చి కొన్నది. పద్దెనిమిదో తారీఖు ఆదివారం చేతుల పట్టుకొని పోయింది, మళ్ల పట్టుకొని ఒచ్చింది. మొన్నటి ఆదివారం గూడ గంతే. గేటు తీస్తలేరక్కా అని మెట్ల మీద కూసొని ఏడ్చింది."

కుసుమకుమారి చెప్పుల పెట్టెను బూట్ల పక్కన పెట్టింది. మట్టయ్య వాటివంక చూసి చూపు తిప్పుకున్నాడు.

"బిడ్డ దగ్గరే ఉంటే ఈ దారం తెంపదా? తల్లి కదా. మొదటి రోజే తొడిగి చూసేది," అంది కుసుమకుమారి. తర్వాత అండాలమ్మ వైపు తిరిగింది. "ఈ గదిలోకి జ్యోతిక లేనప్పుడు ఎవరైనా వచ్చారా?"

"ఆమె పెనిమిటి ఒచ్చిండు. శనివారం నాలుగింటికి. బిడ్డ బట్టలున్నయేమో చూస్తనన్నడు. జ్యోతికేమో డ్యూటీల ఉన్నది. భర్తే గదా అని తాళం తీసిన. మంచినీళ్లడిగితే కిందికి పోయిన. ఒచ్చేటాళ్లకు బయట నిలబడ్డడు."

"చేతిలో ఏమన్నా ఉందా?"

"ఒచ్చేటప్పుడు సంచి ఉండె. పోయేటప్పుడు మడిచి జేబుల పెట్టుకున్నడు."

మట్టయ్య కుర్చీలోంచి లేచాడు. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలె?"

"మీరు నన్ను బయటికి పొమ్మన్నరు గదా సారూ."

అండాలమ్మ మెట్లు దిగేదాకా ఆగి అతను తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గించినా అందులో మంట తగ్గలేదు.

"నీ క్లయింటు మీదికే మర్లుతున్నవా?"

"క్లయింటు నాతో అబద్ధమాడాడు. మూడున్నరకు బడే లేదు. పావు తక్కువ పదకొండుకు మూసేశారు. పాపను తీసుకెళ్లింది విశ్వేశ్వరరావు. నువ్వు చాయ్ తాగిన బళ్లోనే, ఆయాను అడిగితే చెప్పింది."

"నన్ను సతాయించకు కుసుమక్కా!" మట్టయ్య అరిచాడు. "పదహారు దినాలైంది నేను ఇంటికి పోక. ఒక దినం రాస్తా రోకో, ఒక దినం ర్యాలీ. మా అన్న కొడుకు అటు దిక్కు జెండా పట్టుకొని నిలబడ్డడు, నేను ఇటు దిక్కు లాఠీ పట్టుకొని నిలబడ్డ. ఫోను చేస్తే ఇంట్ల నాతోని ఎవ్వరు మాట్లాడ్తలేరు. గిప్పుడు గీ జ్యోతిక. మా నల్లగొండ దిక్కు పిల్ల. ఆమెను జీపుల ఎక్కిస్తుంటే గల్లీ గల్లీ నన్ను ఆంధ్రోని కుక్క అన్నది. విన్న. ఎందుకు? ఆర్డరున్నది గనుక."

"ఆర్డరు ఉందని తెచ్చావు సరే. అడగాల్సిన ఇద్దరు ఆడవాళ్లను అడిగావా?"

"నిన్నెందుకు పెట్టుకున్నడో ఎరుకేనా వాడు?" అతని మాట ఆమె గుండెకే సూటిగా వచ్చింది. "వాళ్ల ఊరి మనిషివని. అటెన్క మాజీ పోలీసువని. తల్లి దాచిందని నువ్వొక్క ముక్క రాస్తే కోర్టు ఆదివారాలు గూడ తీసేస్తది. నువ్వు డిటెక్టివ్‌వు కాదక్కా, వాని రబ్బరు స్టాంపువు."

కార్తీక్ తన ఆఫీసుకు వచ్చిన రోజు కుసుమకుమారికి గుర్తొచ్చింది. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే మనిషి, నీటుగా మాట్లాడతాడు. "దొరక్కపోయినా ఫరవాలేదండి. అన్ని ప్రయత్నాలూ చేశానని కోర్టుకు తెలిస్తే చాలు," అన్నాడు. దుఃఖంలో ఉన్న తండ్రి మాట అనుకుందామె. దొరకదని తెలిసినవాడి మాట అది.

"అవును," అంది. "నేను స్టాంపునే. నువ్వేమో సిరా. ఇద్దరం కలిసి ఆ పిల్లను లోపలేశాం. ఇప్పుడేం చేద్దాం?"

మట్టయ్య టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "ముసలాయన యాడుండొచ్చు?"

"పాపకు విమానాలు చూపిస్తానన్నాడట."

"శంషాబాదా?"

"స్కూటర్ మీద చిన్నపిల్లను అంతదూరమా? ఆయనకు ప్లాటుంది. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు గోడమీద లేఔటు పటం చూశాను. నాదర్‌గుల్."

నాదర్‌గుల్‌లో పైలట్లకు శిక్షణ ఇచ్చే రన్‌వే ఉంది. రోజంతా చిన్న విమానాలు ఎగిరి దిగుతుంటాయి. మట్టయ్య అప్పటికే జీపు తాళాలు తీశాడు.

*

రాస్తా రోకోలు తప్పించుకుని, లేఔట్లో ప్లాటు వెతికి పట్టుకునేసరికి ఐదూ ఐదు. ప్రహరీ లోపల రెండు గదుల ఇల్లు. గేటు దగ్గర స్కూటరు. దాని మీద పదిహేను రోజుల దుమ్ము.

విశ్వేశ్వరరావు వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. జీపును చూడగానే జేబులోంచి ఫోను తీశాడు. మట్టయ్య చేరేలోపే కొడుక్కి ఒక్క మాట చెప్పేశాడు: "వచ్చేశార్రా."

పాప గోడ దగ్గర ఉంది. సుద్దముక్కతో గోడనిండా చిన్న చిన్న గీతలు గీస్తోంది. ఎగిరిన ఒక్కో విమానానికి ఒక్కో గీత.

ఎవరూ కేకలు వేయలేదు. విశ్వేశ్వరరావు వాదించలేదు. "నేను దాని తాతనండీ, దొంగను కాదు," అన్నాడంతే. "మొన్న ఇరవయ్యో తారీఖున జడ్జిగారు పాపను చాంబర్లోకి పిలిచి ఎవరి దగ్గరుంటావని అడుగుతానన్నారు. ఇది అమ్మ అంటుంది. అనే తీరుతుంది. కాస్త రోజులు గడవనిద్దాం నాన్నా అన్నాడు మావాడు. లాయర్లు బహిష్కరణలో ఉన్నారు, కేసు ఎలాగూ వాయిదా పడుతుందన్నాడు. అంతే."

"అంతేనా? ఆ అమ్మాయి నిన్నట్నుంచి స్టేషన్‌లో ఉందండీ," అంది కుసుమకుమారి.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు.

మట్టయ్య పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. దొరికిన పిల్ల వాంగ్మూలం రాయాలి. రూలు అది. ఒళ్లో అట్ట పెట్టుకుని, మీసం కింద నవ్వు తెచ్చుకున్నాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"అలేఖ్య."

"నాన్న పేరు?"

"కార్తీక్."

"అమ్మ పేరు?"

"జ్యోతిక."

"అమ్మ ఏడుంటది?"

పాప సుద్దముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"చచ్చిపోయింది," అంది. "బందు రోజు రాళ్లేశారుగా. అమ్మ తలకు తగిలింది. తాతయ్య చెప్పాడు."

మట్టయ్య పెన్ను కాగితం మీదే నిలబడిపోయింది. దాని కింద సిరా చుక్క పెద్దదైంది.

కుసుమకుమారి మెల్లగా విశ్వేశ్వరరావు వైపు తిరిగింది. పోలీసుగా ఉన్న ఇరవై రెండేళ్లలో ఆమె ముసలివాడి మీద చెయ్యెత్తలేదు. ఇప్పుడు ఎత్తకుండా ఉండటానికి వరండా స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది.

"రోజూ ఏడ్చేదమ్మా," అన్నాడు ఆయన. ఆ గొంతులో తప్పు చేసినవాడి వణుకు లేదు. అలసట ఉంది. "ఆదివారం ఎప్పుడొస్తుంది, ఆదివారం ఎప్పుడొస్తుంది అని. అన్నం తినేది కాదు. అలా చెప్పాక మూడు రోజులు ఏడ్చి మానేసింది. ఇప్పుడు తింటోంది. నిద్రపోతోంది."

మట్టయ్య లేచి ఫోను తీశాడు. స్టేషన్‌కు కలిపాడు. లేడీ కానిస్టేబుల్‌తో, "ఫోను ఆ పిల్లకియ్యి," అన్నాడు.

"ఆగు మట్టయ్యా," అంది కుసుమకుమారి. కానీ తల్లికి బిడ్డ దొరికిందని చెప్పాలన్న ఆత్రంలో అతను అప్పటికే స్పీకరు నొక్కి పాప చెవి దగ్గర పెట్టాడు.

"అలేఖ్యా? బిడ్డా, నేనురా. అమ్మను. మంచిగున్నవా నాన్నా?"

పాప ముఖంలో రంగు పోయింది. రెండు క్షణాలు ఫోను వంక చూసింది. తర్వాత అరిచింది. ఆ అరుపులో సంతోషం లేదు. ఒట్టి భయం. ఫోన్ని చేత్తో కొట్టి, పరుగెత్తి తాత కాళ్లను కరుచుకుపోయింది. "తాతయ్యా, వద్దు, వద్దు, అమ్మ చచ్చిపోయిందిగా, మాట్లాడొద్దని చెప్పు!"

ఫోను నేల మీద పడింది. ఆగిపోలేదు. అవతల జ్యోతిక అంతా వింటోంది.

కుసుమకుమారి వంగి ఫోను తీసింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఊపిరి చప్పుడు వినిపించింది. తర్వాత మాట వచ్చింది. రాత్రిపూట వార్డులో పేషెంట్ల పక్కన మాట్లాడే నర్సు గొంతు, అంత నెమ్మదిగా.

"మేడమ్, బిడ్డ భయపడ్తున్నది. ఫోను పెట్టేయుండ్రి. నేనున్ననని మెల్లగ చెప్పుకోవచ్చు."

లైను కట్ చేసింది జ్యోతికే.

మట్టయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా వీపు మీద చెమట అట్ట కట్టింది. ఇటు తిరిగినప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది.

"ఇప్పుడు పద్ధతేంది?"

"మెజిస్ట్రేటు గారి ఇంటికి తీసుకెళ్దాం," అంది కుసుమకుమారి. "కోర్టు నడవకపోయినా ఆవిడ ఇంట్లో ఉంటారు. బడి సంగతి లచ్చమ్మ చెబుతుంది. బూట్ల సంగతి అండాలమ్మ చెబుతుంది. పాప చెప్పింది నువ్వు రాసుకున్నావు. అఫిడవిట్ అబద్ధమని తేలితే ఉత్తర్వు నిలవదు."

"తేలేదాక?"

"తేలేదాకా పాప మన దగ్గరుండాలి."

గేటు అవతల కారు ఆగింది. సరిగ్గా గేటుకు అడ్డంగా, లోపలున్న జీపు కదలకుండా. ఆరుకు పది నిమిషాలు తక్కువ. కార్తీక్ దిగాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు. ఒక చేతిలో ఫోను. అది తీసే వీడియో ఎర్రచుక్కతో వెలుగుతోంది. ఇంకో చేతిలో కోర్టు కాగితం.

"థాంక్సండీ కుసుమకుమారి గారూ," అన్నాడు పెద్దగా, ఫోనులోకి వినిపించేలా. "మా పాపను కనిపెట్టారు. ఇక అప్పగించండి."

"మూడున్నరకు బడి గేటు దగ్గర ఏం చూశారు కార్తీక్ గారూ? ఆ గేటుకు పన్నెండుకే తాళం పడింది."

అతని కళ్లు ఒక్కసారి ఆడాయి. అంతే. "అవన్నీ కోర్టులో మాట్లాడుకుందాం. కోర్టు తెరిచినప్పుడు. ఇవాళ్టికి నా చేతిలో ఉన్నది ఈ ఆర్డరు. మీ పేరు కూడా ఉంది, చదువుకోండి. 'పాప దొరికిన తక్షణం పిటిషనర్‌కు అప్పగించవలెను.' నేనే పిటిషనర్ని."

మట్టయ్య మెట్లు దిగాడు. నడిచి గేటు దగ్గరికి వెళ్లాడు. కార్తీక్ నవ్వుతూ చెయ్యి లోపలికి చాచాడు. మట్టయ్య ఆ చేతిని మెల్లగా బయటికి నెట్టి, గేటు మూసి, గడియ పెట్టాడు.

"జీపు తోవలకెళ్లి నీ కారు తియ్యి," అన్నాడు. "బిడ్డ మెజిస్ట్రేటు కాడికి పోతది."

కార్తీక్ నవ్వు మాయమైంది. ఫోన్ని చువ్వల సందులోంచి మట్టయ్య ముఖం మీదికి, తర్వాత వరండాలో పాప పక్కన నిలబడ్డ కుసుమకుమారి మీదికి తిప్పాడు.

"కోర్టు ఆర్డరున్న తండ్రికి పాపను ఇవ్వకుండా గేటు మూశారు. అంతా రికార్డయింది. ఇంతకుముందు నేను జ్యోతిక మీద పెట్టిన కేసులో పేరు మారుస్తాను, చాలు. చట్టం ప్రకారం ఇప్పుడు నా కూతుర్ని ఎత్తుకెళ్లినవాళ్లు మీ ఇద్దరే."

కుసుమకుమారికి తెలుసు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

మట్టయ్య జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. పై అధికారి. కార్తీక్ ఇక్కడికి వచ్చేముందే పైవాళ్లతో మాట్లాడి వచ్చాడన్నమాట. మట్టయ్య ఆ పేరు వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మోగుతున్న ఫోన్ని అలాగే జేబులో వేసుకుని, వరండా వైపు తిరిగాడు.

"కుసుమక్కా," అన్నాడు, "ఎన్క దిక్కు గోడ ఎంత ఎత్తున్నదో చూడు."